మూసారాంబాగ్‌లో ఉన్న ‘రాముడు’ ఎవరు? అసలు పవిత్రత అంటే ఏంటి?



మొన్న మన ఛానెల్‌లో పెట్టిన మలక్‌పేట వీడియో చాలామంది చూశారు, షేర్ చేశారు. చాలా సంతోషం. కానీ ఆ వీడియోలో నేను ఒక మాట తొందరపడి అనేశాను. మూసారాంబాగ్ గుట్ట మీదున్న పాత సమాధిని చూపిస్తూ, ఈయన హిందువులూ ముస్లింలూ కలిసి కొలిచిన క్రైస్తవ సెయింట్ అని చెప్పాను. థంబ్‌నెయిల్ మీద కూడా అదే పెద్ద అక్షరాలతో వేశాను.

వీడియో వచ్చిన రెండో రోజు మా పక్కింటి ఆంటీ మెట్ల దగ్గర కనిపించారు. ఆమె క్రైస్తవురాలు, నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. వీడియో చూశానని చెప్పి, నవ్వుతూనే ఒక ప్రశ్న అడిగారు. ఆ సైనికుడు మంచోడే కావచ్చు గానీ, ఆయన్ని సెయింట్ అని నీకెవరు చెప్పారు బాబూ, మా దగ్గర ఆ మాటకి అర్థం వేరే కదా అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే కాస్త సిగ్గేసింది కూడా. మన దేవుళ్ల గురించి ఎవరైనా తెలిసీ తెలియక మాట్లాడితే మనం కామెంట్లలో ఎంత గొడవ చేస్తాం! మరి వాళ్ల మాటని నేను అంత తేలిగ్గా ఎలా వాడేశాను?

అందుకే ఈ పోస్టు. ముందు ఆ మూసారాం ఎవరో పూర్తిగా తెలుసుకుందాం. తర్వాత పవిత్రత అనే మాట దగ్గరికి వద్దాం. చివర్లో మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. అది వీడియోలో చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఎవరీ మూసారాం?

మెట్రోలో మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్తుంటే మూసారాంబాగ్ స్టేషన్ వస్తుంది. రోజూ వేలమంది ఆ పేరు వింటారు. రాముడి పేరు ఉంది కాబట్టి ఏదో గుడికి సంబంధించిన పేరనే చిన్నప్పుడు నేనూ అనుకునేవాణ్ణి. కాదు. ఆ పేరు వెనకున్న మనిషి ఫ్రాన్సు దేశస్థుడు. పేరు మిషెల్ జోకిం మారీ రేమండ్.

ఆయన 1755లో దక్షిణ ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో ఒక వ్యాపారి ఇంట్లో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో, 1775లో, పుదుచ్చేరికి వచ్చాడు. వచ్చింది వ్యాపారం చేసుకుందామనే. కానీ అప్పటి దక్షిణ భారతం యుద్ధాలతో ఉడికిపోతోంది. మైసూరులో హైదర్ అలీ, పుణెలో మరాఠాలు, హైదరాబాదులో నిజాం, మద్రాసులో ఇంగ్లీషువాళ్లు. కవాతు తెలిసిన, ఫిరంగి తెలిసిన యూరోపియన్ సైనికుడికి ప్రతి దర్బారులోనూ గిరాకీ ఉండేది. రేమండ్ తక్కెడ వదిలేసి కత్తి పట్టాడు. కొంతకాలం మైసూరు వైపు పోరాడాడు. ఆ తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర పనిచేశాడు. 1786 ప్రాంతంలో రెండో నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు.

అక్కణ్నుంచి ఆయన దశ తిరిగింది. కొద్దిమందితో మొదలైన ఆయన దళం పదేళ్లు తిరిగేసరికి పదివేలు దాటింది. సిపాయిలంతా ఇక్కడివాళ్లే, అధికారులు ఎక్కువగా ఫ్రెంచివాళ్లు. ఫ్రాన్సులో విప్లవం వచ్చాక ఆ దేశపు మూడు రంగుల జెండా హైదరాబాదులో ఆయన దళాల మీద ఎగిరింది. ఫతే మైదాన్ దగ్గర ఆయన ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. ఈరోజు మనం ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అని పిలిచే చోటు అదే. అంటే హైదరాబాదులో రెండు బస్తీలు ఇప్పటికీ ఈ ఒక్క మనిషి గుర్తుగా ఉన్నాయి. ఒకటి ఆయన పనిచేసిన చోటు, రెండోది ఆయన నిద్రపోతున్న చోటు.

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో పెద్ద యుద్ధం జరిగింది. నిజాం ఓడిపోయాడు. కానీ ఆ ఓటమిలోనూ రేమండ్ దళాలు గట్టిగా నిలబడ్డాయని పేరొచ్చింది. అదే ఏడాది నిజాం కొడుకు అలీ జా తండ్రి మీద తిరగబడ్డాడు. ఆ తిరుగుబాటుని అణచడానికి పంపింది రేమండ్‌నే. యువరాజు పట్టుబడ్డాడు, కానీ హైదరాబాదుకి ప్రాణాలతో చేరలేదు. ఇది కూడా ఆయన కథలో భాగమే. ఫ్రెండ్స్, గుట్ట మీద సాయంత్రం ఎండలో డ్రోన్ షాట్ తీస్తూ ఈ ముక్కని నేను వదిలేశాను. వదిలేయకుండా ఉండాల్సింది.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. అప్పటికి ఆయనకి 42 ఏళ్లు. విషం పెట్టారనే అనుమానం ఆ రోజుల నుంచే ఉంది. ఆయన పోయి ఆరు నెలలు కూడా తిరగకముందే, 1798 సెప్టెంబరు 1న, నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో ఫ్రెంచి దళాల చేత ఆయుధాలు కింద పెట్టించారు. పదేళ్లకు పైగా ఆయన కట్టుకుంటూ వచ్చిందంతా ఒక్క నెలలో కరిగిపోయింది. మిగిలింది ఒక సమాధి, ఒక పేరు.

సమాధి దగ్గర దీపాలు

ఆ సమాధి మలక్‌పేటలో, ఆస్మాన్‌గఢ్ ప్యాలెస్‌కి దగ్గర్లో, గుట్ట మీద ఉంది. సుమారు ఏడు మీటర్ల ఎత్తున రాతి స్తంభం, దాని మీద జె, ఆర్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు. జోకిం రేమండ్ అన్నమాట. పక్కనే గ్రీకు గుడిలా కనిపించే స్తంభాల మంటపం. 2001 వానలకి ఆ మంటపం కూలిపోతే తర్వాత మళ్లీ కట్టారు.

అసలు వింత ఆయన పోయాకే మొదలైంది. ఫ్రెంచిలో మస్యూ అంటే అయ్యగారూ అని. మస్యూ రేమండ్ అనడం మనవాళ్ల నోటికి తిరగలేదు. హిందువులు మూసా రాం అన్నారు. ముస్లింలు మూసా రహీం అన్నారు. ఎవరికి వాళ్లు తమ దేవుడి పేరే ఆయనకి పెట్టుకున్నారు. ఏటా ఆయన వర్ధంతికి అక్కడ ఉర్సు జరిగేది. దీపాలు పెట్టేవాళ్లు, సాంబ్రాణి వేసేవాళ్లు. ఆ ఆనవాయితీ 20వ శతాబ్దంలోకి కూడా వచ్చింది.

ఫిరంగులు పోయించిన పరదేశి సైనికుడికి దీపం ఎందుకు? తన సిపాయిలని బాగా చూసుకున్నాడనీ, చెయ్యి పెద్దదనీ, మతం చూడకుండా ఆదరించాడనీ జనం చెప్పుకున్నారు. సిపాయి కడుపు నిండితే అతని ఇల్లు నిండుతుంది. ఇల్లు నిండిన అమ్మ దీపం పెడుతుంది. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇంతే.

క్రైస్తవంలో పవిత్రత అంటే?

ఇప్పుడు ఆంటీ ప్రశ్న దగ్గరికి వద్దాం. నేను కొన్ని పుస్తకాలు చదివాను, ఆంటీని చాలాసేపు విసిగించాను. నాకు తెలిసింది మనకి అర్థమయ్యే మాటల్లో చెప్తాను.

మూసా అనే పేరుతోనే మొదలుపెడదాం. అరబ్బీలో మూసా, తెలుగు బైబిల్‌లో మోషే. యూదులూ క్రైస్తవులూ ముస్లింలూ ముగ్గురూ గౌరవించే ప్రవక్త. ఆయన గొర్రెలు కాసుకుంటూ ఒక కొండ దగ్గరికి వెళ్తే అక్కడ ఒక పొద మండుతూ ఉంటుంది, కానీ కాలిపోదు. దగ్గరికి వెళ్లబోతే, ఇది పవిత్రమైన నేల, చెప్పులు విప్పమని దేవుడు అంటాడు. చూశారా, గుడి ముందు మనం చేసే పనే! ఆ నేల నిన్నటిదాకా గొర్రెలు మేసిన మామూలు నేల. దేవుడు అక్కడ ఉన్నాడు కాబట్టే అది పవిత్రమైంది. క్రైస్తవ నమ్మకంలో మొదటి మెట్టు ఇదే. పవిత్రత అసలు దేవుడి సొత్తు. మనిషిలో కనిపించేది ఆయన ఇచ్చిన వాటా.

రెండో సంగతి. బైబిల్ పాత భాగం రాసిన హీబ్రూ భాషలో పవిత్రతకి వాడే మాటకి, వేరుగా తీసి ఉంచినది అనే అర్థం చెప్తారు. ఇది మనకి కొత్తేం కాదు. మా నాయనమ్మ మడి చీర దండెం మీద ఎత్తుగా, విడిగా ఆరేది. ఎవరూ ముట్టకూడదు. దేవుడి పనికోసం పక్కకి తీసి పెట్టింది కాబట్టే అది మడి. ఆంటీకి ఈ పోలిక చెప్తే సరిగ్గా పట్టుకున్నావు అన్నారు. అని, కానీ అక్కడ ఆగిపోకు అన్నారు.

ఎందుకంటే మూడో సంగతి ఈ లెక్కనే తిప్పేస్తుంది. మడిలో ముట్టుకుంటే మైల మనకి అంటుతుందని భయం. ఏసు కథల్లో ఇది తిరగబడుతుంది. ఆ కాలంలో కుష్ఠురోగిని ముట్టుకుంటే మైల అనేవాళ్లు. ఏసు చెయ్యి చాపి ముట్టుకుంటాడు. రోగం ఏసుకి రాదు, రోగికే నయమవుతుంది. అంటే ఇక్కడ అంటుకునేది మైల కాదు, పవిత్రత. వేరుగా ఉంచడం మనుషులకి దూరంగా ఉండటానికి కాదు, మనుషుల దగ్గరికి పంపడానికి. క్రైస్తవుల బతుకులో పవిత్రతకి పరీక్ష ఇక్కడే ఉంటుందట. ప్రార్థన ఎంతసేపు చేశావన్న దానికన్నా, లేచాక ఎవరి దగ్గరికి వెళ్లావన్నది ముఖ్యం.

మరి సెయింట్ ఎవరు? కొత్త నిబంధనలోని ఉత్తరాల్లో మామూలు విశ్వాసులందర్నీ కలిపి పరిశుద్ధులు అనే పిలుస్తారు. వాళ్లలో తప్పులు చేసినవాళ్లూ ఉన్నారు, కొట్లాడుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రొటెస్టెంటు సంఘాలు ఈ అర్థాన్నే గట్టిగా పట్టుకున్నాయి. కేథలిక్కులు ఈ అర్థాన్ని ఉంచుకుంటూనే, కొందర్ని ప్రత్యేకంగా విచారించి సెయింట్ అని ప్రకటిస్తారు. దానికి ఏళ్లు పడుతుంది. జీవితం అంతా పరిశీలిస్తారు, సాక్షుల్ని అడుగుతారు, అద్భుతాలు పరీక్షిస్తారు. మదర్ థెరిసా 1997లో పోతే 2016లో ప్రకటించారు. తిరువాన్కూరు రాజు కొలువులో పనిచేసి, 1752లో ప్రాణం ఇచ్చిన దేవసహాయం పిళ్లైని 2022లో ప్రకటించారు. రేమండ్‌ని ఏ చర్చీ అలా ప్రకటించలేదు. కాబట్టి నా థంబ్‌నెయిల్ తప్పు. ఒప్పుకుంటున్నాను.

అయితే ఇక్కడ ఇంకో ముక్క నన్ను ఆపేసింది. పోప్ ఇలా అధికారికంగా ప్రకటించిన మొదటి సెయింట్‌గా ఉల్రిచ్ అనే బిషప్‌ని చెప్తారు. అది 993లో. మరి అంతకుముందు? మొదటి శతాబ్దాల్లో జనమే తేల్చేవాళ్లు. ప్రాణమిచ్చినవాళ్ల సమాధుల దగ్గరికి వర్ధంతి రోజున వెళ్లి, దీపం పెట్టి, ప్రార్థన చేసేవాళ్లు. మన మలక్‌పేట గుట్ట మీద జరిగిందీ పైకి చూడ్డానికి అలాంటిదే! కానీ రెండూ ఒకటి కావు. అక్కడి జనం ఆ మనిషి ద్వారా దేవుణ్ణి తలుచుకున్నారు. ఇక్కడ తలుచుకున్నది ఉపకారం చేసిన మనిషిని. కృతజ్ఞత వేరు, పవిత్రత వేరు. రెండిటికీ దీపం ఒకేలా వెలుగుతుంది కాబట్టి మనం కలిపేస్తాం.

పవిత్రత బతుకులో ఎలా ఉంటుందో చూడాలంటే మెదక్ వెళ్లండి. అక్కడి పెద్ద చర్చిని 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్‌కి పూర్తి చేశారు. కట్టించింది చార్లెస్ వాకర్ పోస్నెట్. కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని ఆ కట్టడం సాగించారు. పోస్నెట్ వచ్చింది జాన్ వెస్లీ సంప్రదాయం నుంచి. పవిత్రత అంటే గుండెలో ప్రేమ పెరగడమే, ఒంటరిగా మూల కూర్చుంటే అది పెరగదని వెస్లీ 18వ శతాబ్దంలో నేర్పాడు. మన రామానుజులవారి కథ గుర్తొచ్చిందా? స్నానానికి వెళ్లేటప్పుడు బ్రాహ్మణ శిష్యుడి భుజం, స్నానమయ్యాక ధనుర్దాసు భుజం పట్టుకుని వచ్చేవారని పెద్దలు చెప్తారు. స్నానం చేశాక ఆయన్ని ముట్టుకుంటారేంటని అడిగినవాళ్లకి, మడి ఎక్కడుందో ఆ నడకతోనే చూపించారు. ముచ్చింతల్‌లో 216 అడుగుల విగ్రహం ముందు సెల్ఫీ దిగేటప్పుడు ఈ కథ ఒక్కసారి తలుచుకోండి.

ఇక మా ఇంటి సంగతి

మా నాయనమ్మ చివరిదాకా మడి పాటించింది. మంచిదే, ఆమె నిష్ఠ ఆమెది. కానీ మా ఇంట్లో ఒక స్టీలు గ్లాసు విడిగా ఉండేది. పక్కింటి ఆంటీ వస్తే అందులోనే మంచినీళ్లు. చిన్నప్పుడు నేనే తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఆంటీకి తెలియదనుకునేవాళ్లం. ఆంటీకి మొదటి రోజే తెలుసట.

నాయనమ్మ ఆఖరి రెండు నెలలు మంచం మీదే ఉంది. ఒంటి మీద పుండ్లు పడ్డాయి. ఇంట్లో వాళ్లం మేమే ఆ గదిలోకి వెళ్లడానికి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వీడియో ఎడిటింగ్ ఉందనేవాణ్ణి. అప్పుడు ఆంటీ ఎవరూ అడక్కుండానే పొద్దున్నే వచ్చేవారు. గోరువెచ్చని నీళ్లతో తుడిచి, మందు రాసి, పక్క మార్చి వెళ్లేవారు. మొదటి రోజు నాయనమ్మ ముట్టుకోవద్దని చెయ్యి అడ్డం పెట్టింది. వారం తిరిగేసరికి తలుపు చప్పుడైతే చాలు, బిడ్డ వచ్చిందా అని అడిగేది. పోయే ముందు రోజు ఆంటీ చేత్తో నీళ్లు తాగింది. ఏ గ్లాసులో తాగిందో నేను చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు.

ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. ఆ రెండు నెలలూ మన ఛానెల్‌లో నేను సేవ గురించి, భక్తి గురించి వారానికో వీడియో పెట్టాను. పక్క గదిలో సేవ చేసింది వేరేవాళ్లు.

మీలాంటివాళ్లనే సెయింట్ అంటారా అని మొన్న ఆంటీని అడిగాను. ఆమె చెయ్యి ఊపేశారు. నర్సు పని చేశాను, అంతే అన్నారు. కాసేపాగి, ఆ పనికి ఓపిక తనది కాదనీ, రోజూ పొద్దున ప్రార్థనలో అడిగి తెచ్చుకునేదాన్ననీ చెప్పారు. మొదటి రోజు తిరిగి వెళ్లిపోదామనే అనుకున్నారట. మండే పొద కథ నాకు అప్పుడు అర్థమైంది.

మరి రేమండ్ సంగతేంటి?

పోయిన ఆదివారం మళ్లీ గుట్ట ఎక్కాను. కెమెరా తీసుకెళ్లలేదు. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, దూరంగా టీవీ టవర్ కనిపిస్తోంది. చెప్పులు విప్పాలా వద్దా అని ఒక్క నిమిషం ఆలోచించాను. విప్పాను. ఆయన సెయింట్ అని కాదు. వందేళ్లకు పైగా ఎందరో అమ్మలు దీపం పెట్టిన చోటని.

ఆయన్ని ఇప్పుడు నేను ఇలా చూస్తున్నాను. రేమండ్ ధైర్యవంతుడు, చెయ్యి పెద్దవాడు, కిరాయికి యుద్ధం చేసినవాడు. ఆయనలో మంచి ఉంది, నెత్తురూ ఉంది. ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు, కొట్టిపారేయక్కర్లేదు. పరదేశి అయినా తమకి మేలు చేశాడని రాం, రహీం అని పిలుచుకున్న ఆ జనం మనసు మాత్రం చాలా పెద్దది. మనం వాళ్ల మనవలం. ఆ సంగతి మర్చిపోకూడదు.

ఇంకో మాట. ఆయన ఫిరంగులు పోయించిన గన్‌ఫౌండ్రీలోనే ఇప్పుడు సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ ఉంది. 1870లో దానికి పునాది వేశారు. ముందర, చనిపోయిన కొడుకుని ఒళ్లో పెట్టుకున్న మరియమ్మ విగ్రహం ఉంటుంది. మైకెలాంజెలో శిల్పానికి నకలు అది. ఆబిడ్స్ వైపు వెళ్తే ఒకసారి ఆగి చూడండి. ఒకప్పుడు మందుగుండు కోసం ఇనుము మరిగిన బస్తీలో ఇప్పుడు ఒక అమ్మ దుఃఖం కూర్చుని ఉంది.

థంబ్‌నెయిల్ మార్చేశాను ఫ్రెండ్స్. ఆ స్టీలు గ్లాసు మాత్రం పారేయలేదు. ఇప్పుడు అందులో నేనే నీళ్లు తాగుతున్నాను.

మీ ఇంట్లోనూ అలాంటి గ్లాసు ఏదైనా ఉందేమో ఈరోజు ఒకసారి చూడండి. ఉంటే ఏం చేశారో నాకు చెప్పండి. వచ్చే వారం ఇంకో బస్తీ, ఇంకో కథతో కలుద్దాం.

శుభం.